మూడో రోజుకు మెత్తబడే మిక్చరే చేయండి

పండగలు దగ్గరపడగానే మిక్చర్ గురించి ఎక్కడ విన్నా ఒకే రకం సలహాలు. నెల రోజులు నిల్వ ఉండాలంటే ఏం చేయాలి, గాలి చొరని డబ్బాల్లో ఎలా పెట్టాలి, నూనె ఎలా తగ్గించాలి, ఎన్ని ఇళ్ళకి ఇవ్వాలో లెక్క చూసుకుని ఎంత చేయాలి. కలకత్తాలో ఉంటున్న తెలుగువాళ్ళకి నేను చెప్పదలుచుకున్నది దీనికి పూర్తిగా ఎదురు. నిల్వ ఉండే మిక్చర్ చేయకండి. మూడో రోజుకు మెత్తబడిపోయేదే చేయండి. లెక్క చూసుకోకండి. అడగని ఇంటికి కూడా పట్టుకెళ్ళండి.

వినగానే ఇవి తప్పుడు సలహాల్లా ఉంటాయని తెలుసు. కానీ పండగకి ఇచ్చిపుచ్చుకోవడం అనే పద్ధతి బతకాలంటే ఇంతకు మించిన దారి లేదని నా గట్టి నమ్మకం. నిల్వ ఉండేదాన్ని ఎవరైనా దాచుకుంటారు. రేపు ఇద్దాం, ఆదివారం వెళ్దాం అనుకుంటూ ఉండగానే కాళీపూజ కూడా వెళ్ళిపోతుంది, డబ్బా మాత్రం అలమారలోనే ఉంటుంది. ఎల్లుండికి పాడైపోయేదైతే ఇవాళే చెప్పులేసుకుని మెట్లు దిగుతాం.

ఈ ఊరి తిండే దీనికి సాక్ష్యం. ఝాల్‌మురీ అమ్మేవాడు రేకు డబ్బాలో మురీ (మన మరమరాలే), ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉడికించిన శనగలు, కొబ్బరి ముక్క వేసి, పైన పచ్చి ఆవనూనె చుక్కలు చిలకరించి, గిలకొట్టి, కాగితం ఠోంగాలో పోసిస్తాడు. పది నిమిషాలు ఆగితే అది తినడానికి పనికిరాదు. అందుకే ఎవరూ ఆగరు. అక్కడే నిలబడి పక్కవాళ్ళతో కబుర్లాడుతూ తినేస్తారు. జయనగర్ మోవా సంగతీ అంతే. కనకచూర్ ధాన్యం పేలాలు, కొత్త ఖర్జూర బెల్లం, ఆవునెయ్యి కలిపి కట్టే ఆ ఉండకి 2015లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చలికాలంలోనే దొరుకుతుంది. నాలుగైదు రోజులు దాటితే ఆ మెత్తదనమూ ఉండదు, ఆ వాసనా ఉండదు. నిల్వ ఉండదన్న కారణంతో దాని గౌరవం ఏమీ తగ్గలేదు. తెచ్చినరోజే పదిమంది చేతుల్లోకి వెళ్ళిపోతుంది. మన మిక్చర్ కూడా అలాగే వెళ్ళిపోవాలి.

1. నాలుగింతలు చేయండి

మీ ఇంటికి ఎంత కావాలో అంచనా వేసుకుని, దానికి నాలుగింతలు చేయండి. సరిపడా చేసినవాళ్ళు తెలిసినవాళ్ళకి మాత్రమే ఇస్తారు. మిగిలిపోతుందేమో అన్న బెంగ ఉన్నప్పుడే లిఫ్టులో రోజూ కనిపించే మనిషి పేరేమిటో కనుక్కుంటాం. పైఅంతస్తు మాషీమాకి, కింద దర్వాన్‌కి, పేపరు వేసే కుర్రాడికి, ఇస్త్రీ బండివాళ్ళకి, పూజా పందిరి కట్టిన కుర్రాళ్ళకి, అందరికీ వెళ్తుంది.

పది పన్నెండు ఇళ్ళకి కావలసినవి ఇవి:

మురీ అర కిలో
పల్చటి అటుకులు పావు కిలో
మొక్కజొన్న అటుకులు పావు కిలో
వేరుశనగ గుళ్ళు 300 గ్రాములు
పుట్నాల పప్పు 200 గ్రాములు
జీడిపప్పు 100 గ్రాములు
వీధి చివర కొట్లో దొరికే చానాచూర్ 200 గ్రాములు
పచ్చికొబ్బరి ఒక కాయ, పల్చటి ముక్కలుగా తరిగినది
వెల్లుల్లి రెండు పాయలు, పొట్టుతోనే చితక్కొట్టినవి
ఎండుమిర్చి పదిహేను, నిలువుగా చీల్చిన పచ్చిమిర్చి పది
కరివేపాకు రెండు పెద్ద గుప్పిళ్ళు
పసుపు ఒక టీస్పూను, కారం రెండు టీస్పూన్లు, పంచదార పొడి రెండు టీస్పూన్లు
ఉప్పు, వేయించడానికి నూనె

మురీ అర కిలో అంటే చూడడానికి కొండంత ఉంటుంది. ఇంట్లో ఉన్న అతిపెద్ద బేసిన్ తీయండి. చాలకపోతే నేల మీద శుభ్రమైన పాత చీర పరిచి దాని మీద కలపండి. మా అమ్మమ్మల కాలంలో అరిసెల పిండి జల్లించింది అలాంటి చీరల మీదే.

2. పచ్చికొబ్బరి వేయండి

నిల్వ ఉండాలనుకునేవాళ్ళు ఎండుకొబ్బరి వేస్తారు. మీరు పచ్చికొబ్బరే వేయండి. పల్చగా తరిగి, అంచులు ఎర్రబడేదాకా నూనెలో వేయించండి. లోపల కొంచెం తడి మిగిలి ఉంటుంది, తీపీ మిగిలి ఉంటుంది. ఆ తడి వల్లే మిక్చర్ ఎక్కువ రోజులు ఆగదు. రెండు రోజులు అద్భుతంగా ఉంటుంది, మూడో రోజు మెత్తబడుతుంది. అది దాటాక కొబ్బరి కనరు వాసన కొట్టడం మొదలెడుతుంది. అప్పటికి డబ్బాలో ఏమైనా మిగిలితే పారేయడమే. ఈ మాట ఇచ్చేటప్పుడే చెప్పండి: "ఇవాళ, రేపు తినేయాలి." అలా చెప్పి ఇచ్చినప్పుడు వాళ్ళు కూడా దాన్ని పక్కన పెట్టరు. సాయంత్రం టీతో ఇంటిల్లిపాదీ కూర్చుంటారు.

పచ్చిమిర్చి కూడా పూర్తిగా కరకరలాడేదాకా వేయించకండి. చర్మం మీద తెల్లటి బొబ్బలు రాగానే తీసేయండి.

3. ఈ ఊరి చెమ్మతో కుస్తీ పట్టకండి

కలకత్తాలో వానలు అక్టోబరు రెండో వారం దాకా పూర్తిగా వెనక్కి తగ్గవు. దుర్గాపూజ చాలాసార్లు ఆ రోజుల్లోనే పడుతుంది. మురీ, అటుకులు, పేలాలు కరకరలాడేది లోపల తడి దాదాపు లేకపోవడం వల్ల. ఉబ్బిన గింజలో పల్చటి గోడలు, మధ్యలో గాలి. బయటి చెమ్మ ఆ గోడల్లోకి చేరగానే అవి విరగడం మానేసి వంగుతాయి. ఈ ఊళ్ళో మూత తీసిన ప్రతిసారీ ఆ చెమ్మ లోపలికి పోతూనే ఉంటుంది. ప్లాస్టిక్ డబ్బాలు, రబ్బరు మూతలు, బియ్యం మూటలు పెట్టి నెల రోజులు దాంతో పోట్లాడడం కంటే, చెమ్మ పట్టేలోపలే ఖాళీ చేయడం సులువు.

వేయించేటప్పుడు మాత్రం కొబ్బరి, పచ్చిమిర్చి తప్ప మిగతా వాటిలో తడిని ఒక్క చుక్క కూడా ఉండనివ్వకండి. ఇక్కడ జాగ్రత్తగా వినండి.

మురీని సన్నమంట మీద వెడల్పు మూకుట్లో నూనె లేకుండా నాలుగైదు నిమిషాలు కలుపుతూ వేడి చేయండి. ఒక గింజ తీసి రెండు వేళ్ళ మధ్య నొక్కితే పొడి అవ్వాలి. నొక్కుకుపోయి బిళ్ళలా మారితే ఇంకా కాసేపు వేయించాలి. పల్చటి అటుకులకీ అదే పద్ధతి. అవి ముడుచుకుపోకుండా ఉండాలంటే మంట పెంచకూడదు, గరిటెతో నలపకూడదు. మూకుడినే రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపండి.

మొక్కజొన్న అటుకులకి మాత్రం నూనె బాగా కాగాలి. ఒక పలుకు వేస్తే అది అడుగుకి పోకుండా వెంటనే పైకి తేలి ఉబ్బాలి. గుప్పెడు గుప్పెడుగా వేసి, ఉబ్బగానే చిల్లుల గరిటెతో తీసేయండి. పచ్చిగా గాజు పెంకుల్లా ఉండే ఈ అటుకులు కిరాణా కొట్లలో, బడాబజార్ దుకాణాల్లో విడిగా దొరుకుతాయి. పొద్దున్న పాలల్లో వేసుకునే కార్న్‌ఫ్లేక్స్ వీటి బదులు వాడకండి. కెల్లాగ్స్ మన దేశానికి 1994లో వచ్చాక చాలామంది రెండూ ఒకటే అనుకున్నారు. అవి ముందే కాల్చినవి, తీపి పట్టించినవి. కాగిన నూనెలో పడగానే మాడి చేదెక్కుతాయి.

వేరుశనగ గుళ్ళు నూనెలో వేశాక మొదట చిటపటమంటాయి, ఆ చప్పుడు నెమ్మదిస్తుంది, పొట్టు చీలుతుంది. మీకు కావలసిన రంగు రావడానికి కొంచెం ముందే తీసేయాలి. బయటికి తీశాక కూడా లోపలి వేడితో అవి వేగుతూనే ఉంటాయి. రంగు వచ్చాక తీస్తే పళ్ళెంలోకి చేరేసరికి నల్లబడతాయి.

కరివేపాకుని ముందురోజు రాత్రే కడిగి బట్ట మీద ఆరబెట్టండి. నూనెలో వేసినప్పుడు వచ్చే ఆ పెద్ద చప్పుడు ఆకులోంచి నీళ్ళు పోతున్న చప్పుడు. అది పూర్తిగా ఆగిపోయేదాకా తీయకండి. ఆగిన క్షణం దాటితే ఆకు నల్లబడుతుంది, ఆగకముందే తీస్తే మొత్తం మిక్చర్‌ని అది ఒక్కటే మెత్తబరుస్తుంది.

చివర రెండు గరిటెల నూనె మిగుల్చుకుని, ఎండుమిర్చి, వెల్లుల్లి వేయించి, పొయ్యి ఆర్పేసి, అప్పుడు పసుపు, కారం వేయండి. మంట మీద వేస్తే కారం మాడిపోతుంది. ఆ నూనెని వేడి వేడిగా మురీ మీద పోసి, పుట్నాలు, చానాచూర్, మిగతావన్నీ వేసి చేత్తో కలపండి. ఉప్పు, పంచదార మెత్తగా పొడి చేసి వేస్తేనే గింజలకి అంటుకుంటాయి, లేకపోతే అడుగుకి జారిపోతాయి. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. బెంగాల్ మురీలో ఉప్పు ముందే ఉంటుంది. బియ్యానికి ఉప్పునీళ్ళు పట్టించి, కాగిన ఇసుకలో వేయించి చేస్తారు. మన ఊళ్ళో మరమరాలకి వేసినంత ఉప్పు ఇక్కడ వేస్తే నోట పెట్టలేం. సగంతో మొదలుపెట్టి రుచి చూడండి.

వేడి తగ్గాకే మూత పెట్టండి. వేడి మీద మూస్తే ఆవిరి మూతకి నీరై పట్టి మళ్ళీ లోపలే పడుతుంది.

4. ఓవెన్ జోలికి పోకండి

అమెరికాలో క్రిస్మస్‌కి ఇళ్ళలో మిక్చర్ చేసి పంచే అలవాటు ఉంది. చెక్స్ అనే గోధుమ, బియ్యపు తిండిగింజలు అమ్మే కంపెనీ 1950ల మొదట్లో దాన్ని దేశమంతా వ్యాపింపజేసింది. గింజల్ని వెన్న, వూస్టర్‌షైర్ సాస్‌తో తడిపి, ఓవెన్‌లో 250 ఫారన్‌హీట్ డిగ్రీల దగ్గర గంటసేపు, పావుగంటకోసారి కలుపుతూ ఆరబెడతారు. అక్కడున్న మనవాళ్ళలో చాలామంది రైస్ క్రిస్పీస్‌తో, చెక్స్‌తో కరివేపాకు తాలింపు పెట్టి చుడువా చేసుకుంటారు. చలిదేశంలో, తలుపులు బిగించుకుని ఉండే ఇళ్ళలో అది సబబే.

కలకత్తాలో ఆ పద్ధతి తెచ్చుకోకండి. ఆరోగ్యం పేరుతో నూనె లేని మిక్చర్ పంచితే తినేవాళ్ళు మీ మీద గౌరవంతో మెచ్చుకుంటారు, రెండోసారి చెయ్యి పెట్టరు. ఏడాదికి ఒక్కసారి చేసే పనిలో నూనెకి భయపడకండి. కాగిన నూనెలో వేయించినప్పుడే వెల్లుల్లికి, మిరపకాయకి ఆ వాసన వస్తుంది.

5. తలుపులు తీసే వేయించండి

వంటింటి కిటికీలు మూసి, చిమ్నీ పెట్టి, వాసన బయటికి పోకుండా వేయించే అలవాటు ఇప్పుడు అందరికీ వచ్చింది. పండగ మిక్చర్‌కి మాత్రం వీధి తలుపు బార్లా తీసి పెట్టండి. పండగకి ఏదో చేస్తున్నారని మెట్ల మీద వెళ్ళేవాళ్ళకి తెలియాలి. పిల్లలు గుమ్మంలో నిలబడాలి. ఎవరైనా తొంగి చూస్తే లోపలికి పిలిచి, దోసిట్లో పోసి, ఉప్పు చాలిందో లేదో చెప్పమనండి. రుచి చూసి "ఇంకొంచెం ఉప్పు" అన్న మనిషికి ఆ మిక్చర్ సగం తన సొంతం అనిపిస్తుంది. వేడి నూనె దగ్గరికి మాత్రం పిల్లల్ని రానివ్వకండి.

6. కారం తగ్గించకండి

బెంగాలీలు తీపి తప్ప తినరని మనవాళ్ళలో ఒక అపోహ ఉంది. అందుకని వాళ్ళకిచ్చే డబ్బాలో కారం సగం చేసి, కరివేపాకు ఏరేసి, పంచదార ఎక్కువ వేసి ఇస్తారు. అది మర్యాద అనుకుంటారు. నా లెక్కలో అది పరాయితనం. పచ్చి ఆవనూనె ఘాటు, కాసుందీ అనే ఆవపచ్చడి మంట నవ్వుతూ తినేవాళ్ళకి మన గుంటూరు మిరపకాయ ఒక లెక్క కాదు. మీ ఇంట్లో మీరెలా తింటారో అచ్చంగా అలాగే ఇవ్వండి. నీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాపినా సరే, వాళ్ళు మీ ఇంటిని తెలుసుకునేది ఆ కారంతోనే.

ఇక్కడున్న తెలుగువాళ్ళు నిన్నో మొన్నో వచ్చినవాళ్ళు కాదు. జూట్ మిల్లుల్లో పనికి శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి టీటాగఢ్‌లోనూ హుగ్లీ ఒడ్డునున్న మిల్లు ఊళ్ళలోనూ స్థిరపడ్డవాళ్ళున్నారు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఉద్యోగాలతో ఖరగ్‌పూర్ చేరినవాళ్ళున్నారు. లేక్ మార్కెట్ చుట్టుపక్కల తరాలుగా కాపురాలు చేస్తూ, కరివేపాకు, అరిటాకులు, కాఫీపొడి అక్కడి దుకాణాల్లో కొనుక్కుంటున్నవాళ్ళున్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఆ గుర్తింపు కాగితం మీద వచ్చింది. పక్కింటివాళ్ళ నాలుక మీద రావలసిన గుర్తింపు మన చేతుల్లోనే ఉంది. దాన్ని కారం తగ్గించి చేజేతులా పోగొట్టుకోకండి.

అదే విధంగా వాళ్ళ చానాచూర్‌ని మీ మిక్చర్‌లో కలపడానికి వెనకాడకండి. బూంది, కారప్పూస అన్నీ ఇంట్లోనే చేయాలన్న పంతం పండగపూట వద్దు. ఈ ఊరి మురీ, ఈ ఊరి చానాచూర్, మన కరివేపాకు తాలింపు కలిస్తేనే ఇది కలకత్తా తెలుగింటి మిక్చర్ అవుతుంది. శ్రీకాకుళం, విశాఖ వైపువాళ్ళకి ఇది కొత్తేమీ కాదు, బీచి రోడ్డు మురీ మిక్చర్ తిని పెరిగినవాళ్ళే కదా.

7. బిజోయాకి స్వీటు పట్టుకెళ్ళకండి

దశమినాడు అమ్మవారిని గంగలో కలిపాక పెద్దల కాళ్ళకి దణ్ణం పెట్టడం, ఒకరినొకరు కావలించుకోవడం, ఇంటింటికీ వెళ్ళి నోరు తీపి చేసుకోవడం ఇక్కడి బిజోయా ఆచారం. ఈ రాకపోకలు కాళీపూజ దాకా సాగుతాయి. అందరూ సందేశ్ డబ్బాలే పట్టుకెళ్తారు. ప్రతి ఇంట్లోనూ నారికేళ్ నాడూలు, రసగుల్లాలు అప్పటికే కుప్పలు పడి ఉంటాయి. మీరు కూడా ఒక స్వీటు డబ్బా పట్టుకెళ్తే అది మూత తీయకుండానే ఇంకో ఇంటికి వెళ్తుంది.

ఆచారానికి ఎదురనిపించినా మిక్చరే పట్టుకెళ్ళండి. తీపి తిని తిని మొహం మొత్తిన ఇంట్లో కారం డబ్బాకి ఎంత ఆదరణ ఉంటుందో చూడండి. వాళ్ళింట్లో నిమ్కీ, ఘుగ్నీ ఎలాగూ ఉంటాయి. మీ మిక్చర్ గుప్పెడు ఘుగ్నీ మీద చల్లుకోమని చెప్పండి. వాళ్ళు పెట్టిన తీపి మీరు తినండి, దండం పెట్టండి, "శుభో బిజోయా" అని మనసారా చెప్పండి.

8. ముందు మాటల్లేని ఇంటికి వెళ్ళండి

నీళ్ళ మోటారు గురించో, కారు నిలిపే చోటు గురించో, వర్షానికి కారిన గోడ గురించో ప్రతి భవనంలోనూ మాటలు మానేసుకున్న ఇళ్ళు ఉంటాయి. మొదటి డబ్బా అక్కడికే తీసుకెళ్ళండి. మిగతా ఇళ్ళన్నీ అయ్యాక చూద్దాం అనుకుంటే ఆ గుమ్మం దాకా వెళ్ళరు. ఫోన్ చేసి రావచ్చా అని అడగకండి. అడిగితే ఇంట్లో లేమంటారు. పాత సంగతులు ఎత్తకండి, క్షమాపణలు చెప్పకండి, చెప్పించుకోకండి. డబ్బా చేతిలో పెట్టి, ఎల్లుండిలోపల తినేయాలని మాత్రం చెప్పండి. బిజోయా అనేది ఉన్నదే అందుకు.

జీడిపప్పు కూడా సమంగా పంచకండి. తిరిగి ఏమీ ఇవ్వలేని ఇంటికి ఎక్కువ వేయండి. దర్వాన్ డబ్బాలో, పనిమనిషి డబ్బాలో జీడిపప్పు పైనే కనిపించాలి. పలుకుబడి ఉన్నవాళ్ళకి ఎవరో ఒకరు కాజూ బర్ఫీ పంపుతూనే ఉంటారు.

9. మీ మంచి డబ్బాలోనే ఇవ్వండి

రంగు కాగితాలు, రిబ్బన్లు, పారేసే ప్లాస్టిక్ డబ్బాలు కొనకండి. మీ ఇంట్లో అన్నిటికన్నా మంచి స్టీలు డబ్బా, పెళ్ళికి పుట్టింటివాళ్ళు పేరు చెక్కించి ఇచ్చినది ఉంటే అదే, తీయండి. పోతుందేమో అన్న భయం ఉన్న డబ్బాలో ఇవ్వండి. ఎందుకంటే అది మళ్ళీ మీ ఇంటికి రావాలి, దాన్ని పట్టుకుని ఒక మనిషి రావాలి. పారేసే డబ్బాతో వ్యవహారం గుమ్మం దగ్గరే ముగిసిపోతుంది.

డబ్బా తిరిగి ఇమ్మని అడగకండి. నెల పట్టినా, రెండు నెలలు పట్టినా ఆగండి. పక్కింటి డబ్బాని ఉత్తది పంపకూడదన్న పట్టింపు వాళ్ళకీ ఉంది, మనకీ ఉంది. అందులో కొబ్బరి నాడూలు వస్తాయి, పాయెష్ వస్తుంది, పౌష సంక్రాంతికి పిఠే వస్తుంది. బీహార్ వాళ్ళింటికి వెళ్ళిన డబ్బా ఛఠ్ తర్వాత ఠేకువాతో వస్తుంది. మళ్ళీ మనం నింపి పంపాలి.

10. కొలతలు రాసివ్వకండి

ఎలా చేశారో చెప్పమని ఎవరైనా అడిగితే కాగితం మీద రాసివ్వకండి, ఫోన్‌లో పంపకండి. "మా ఇంటికి రండి, కలిసి చేద్దాం" అనండి. కరివేపాకు చప్పుడు ఎప్పుడు ఆగిందో, మురీ వేళ్ళ మధ్య ఎలా పొడైందో పక్కన నిలబడి చూడాలి. పైన నేనిచ్చిన కొలతలు కూడా మీ చేతికి పని అలవాటయ్యేదాకానే. రెండోసారి చేసేటప్పుడు వాటిని చూడకండి. మీ ఇంటి చెయ్యి ఎటు పోతే అటు పోనివ్వండి.

11. ఒక్క పండగతో ఆపకండి

దుర్గాపూజతో మొదలై సంక్రాంతి దాకా ఈ ఊళ్ళో పండగలకి విరామం లేదు. లక్ష్మీపూజకి పేలాలు, బెల్లం ముర్కీ, చిఁడే ఇంటింటా ఉంటాయి. దీపావళి, కాళీపూజ కలిసి వస్తాయి. క్రిస్మస్‌కి పార్క్ స్ట్రీట్ దీపాలతో నిండిపోతుంది. 1902లో పెట్టిన నహూమ్ బేకరీ ముందు న్యూ మార్కెట్‌లో కేకుల కోసం జనం బారులు తీరతారు. బో బారక్స్‌లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చేసే రోజ్ కుకీస్, మన క్రైస్తవ ఇళ్ళలో క్రిస్మస్‌కి చేసే గులాబీ పువ్వులు ఒకటే వంట. ఆ మాట చెప్పుకోవడానికైనా ఆ గుమ్మం ఎక్కండి.

ప్రతి పండక్కీ కొత్తగా చేయండి. పూజకి చేసినది కాళీపూజకి ఇవ్వకండి. మూడో రోజుకు మెత్తబడే మిక్చర్‌తో ఆ అవకాశమే ఉండదు, అందుకే అది మంచిది.

అడగవలసినవి మూడే

ఇంతదాకా అడగకండి, లెక్క చూడకండి అన్నాను. మూడు సంగతుల్లో మాత్రం తప్పకుండా అడగండి. మొదటిది, వేరుశనగ గాని జీడిపప్పు గాని పడనివాళ్ళు ఇంట్లో ఉన్నారా అని. కొందరికి అది ప్రాణం మీదికి తెస్తుంది. అలాంటి ఇంటికి ఈ మిక్చర్ ఇవ్వనే వద్దు. పప్పులు ఏరేసినా లాభం లేదు, వాటిని వేయించిన నూనె అన్నిటికీ అంటుకునే ఉంటుంది. రెండోది, ఉల్లి వెల్లుల్లి తినని పెద్దవాళ్ళు ఉన్నారా అని. బెంగాలీ ఇళ్ళలో నిరామిష్ పాటించే ముసలమ్మలు చాలామంది ఉంటారు. వాళ్ళకోసం వెల్లుల్లి వేయించకముందే, చానాచూర్ కలపకముందే మొదటి డబ్బా విడిగా తీసిపెట్టండి. అందరికన్నా ముందు వాళ్ళ వాటా తీశారని తెలిస్తే వాళ్ళ మొహం వెలిగిపోతుంది. మూడోది, చిన్నపిల్లల సంగతి. ఐదేళ్ళలోపు పిల్లలకి గుండ్రటి పప్పులు గొంతుకి అడ్డం పడతాయి. వాళ్ళ చేతికి ఉత్త మురీ, అటుకులు మాత్రమే ఇవ్వమని తల్లిదండ్రులకి చెప్పండి.

ఆఖరి మాట. అన్ని ఇళ్ళకీ పంచాక మీ ఇంట్లో ఏమీ మిగలకపోతే దాన్ని పొరపాటుగా చూడకండి. మిగలకూడదు. పైఅంతస్తులో ఎవరింట్లోనైనా టీ పెడుతున్న వేళ చూసుకుని వెళ్ళి, మీరిచ్చిన మిక్చరే వాళ్ళతో కలిసి తినండి. ఈ పూజకి నూనె కొనేటప్పుడు ఒక ప్యాకెట్ ఎక్కువ కొనండి, గాలి చొరని డబ్బాలు మాత్రం కొనకండి.